టేపు అయిపోయింది

పదవీ విరమణకు ముందు సంవత్సరం జనవరిలో కంపెనీ నన్ను సౌదీ పక్కనున్న దీవి దేశంలో, సిత్రాలో కడుతున్న ఒక కోల్డ్ స్టోరేజీకి క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా వేసింది. ఎండాకాలంలో చెప్పులు కూడా నీడ వెతుక్కునే దేశంలో, చేపల కోసం హిమాలయాన్ని కట్టే పని.

అలాంటి గదికి గోడలకన్నా నేల ముఖ్యం. అడుగున పలచటి కాంక్రీటు, దాని మీద తేమను ఆపే మందపాటి ప్లాస్టిక్ షీటు, ఆపైన చలిని ఆపే ఫోమ్ పలకలు, అన్నిటికీ పైన అసలు స్లాబు. షీటు అతుకుల్ని టేపుతో మూయాలి. మూయకపోతే భూమిలోని తేమ పలకల్లోకి చేరి వాటిని పాడుచేస్తుంది. ఇక చలి నేలలోకి దిగి, మంచు ఉబ్బి, స్లాబును ఎత్తేస్తుంది. సరుకు నింపాక దాన్ని బాగుచేయడమంటే నిండు పెళ్లిలో పందిరి రాటలు మార్చడమే.

షీటు పని జగిత్యాల గంగారాంది. ఫోర్‌మన్ ప్రకాశానిది కాకినాడ. శుక్రవారం తెలుగు ఫెలోషిప్ ప్రార్థనలో అతను పాట ఎత్తుకుంటే సముద్రం అవతల సౌదీవాళ్లు కిటికీలు మూసుకుంటారని మేమనుకునేవాళ్లం. నేను జల్లాఖ్‌లో మరో సైటుకు వెళ్లిన పూట, ప్రకాశం దూరం నుంచే టేపు అయిపోయిందా అని కేకేశాడు. అయిపోయింది, ఖలాస్ అని గంగారాం బదులిచ్చాడు. ప్రకాశం పలకలవాళ్లకు యల్లా, ఇక కానివ్వండి అని చెప్పాడు. సాయంత్రానికి గదంతా పరిచేశారు.

మర్నాడు పొద్దున గేటు బయట కాంక్రీటు పంపు, దాని వెనక మిక్సర్ లారీలు బారు తీరాయి. చివరి లారీ ఇంకా సౌదీ వంతెన మీదే ఉందేమో అనిపించింది. ఆ స్లాబులో ఇనుప కడ్డీలు లేవు, కాంక్రీటులోనే ఉక్కు తీగ ముక్కలు కలుపుతారు. నేను అనుమతిస్తే పోయడమే తరువాయి. అప్పుడు, ముందురోజే టేపు కోసం తుబ్లీలోని కంపెనీ స్టోరుకు వెళ్లిన గంగారాం పికప్‌లోంచి దిగాడు, చేతుల్లో అట్టపెట్టె నిండా కొత్త టేపు. పరిచిన పలకల్ని చూసి నిలబడిపోయాడు.

"సార్, పంపు బంద్ వెట్టించుండ్రి. కింద అతుకులు సగం తెరిసే ఉన్నయి."

"నిన్న అయిపోయిందన్నావు కదా" అన్నాడు ప్రకాశం.

"టేపే గదన్నా అయిపోయింది. పని అయిందని నేనెక్కడ చెప్పిన?"

లారీలను వెనక్కి పంపించాను. లక్నో నుంచి వచ్చిన ప్రాజెక్టు మేనేజరు మా ముగ్గురినీ పిలిపించి, పని కాకుండానే అయిందన్నవాడిని వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపాలన్నాడు. గంగారాం ఇంకా ఆ పెట్టె దించలేదు. ప్రకాశం ఒక అడుగు ముందుకేశాడు. నోరు మెదపకపోతే అతని ఉద్యోగానికి ఏ ఢోకా లేదు.

"వాడు అబద్ధం చెప్పలేదు సార్. నేనడిగిందే అలా ఏడ్చింది. వెళ్లి చూడనూ లేదు."

మేనేజరుకు అర్థం కాలేదు. ప్రకాశం ఏమడిగాడో నన్ను హిందీలో చెప్పమన్నాడు. "టేప్ ఖతం?" అన్నాను. ఆయన ఆ రెండు మాటల్నీ తనలో తాను ఒకసారి అనుకుని, ఎగ్జిట్ మాట ఇక ఎత్తలేదు. అరబ్బీ, తెలుగు, హిందీ మూడూ ఏకమై మా పునాది మీద కుట్ర పన్నాయి.

ప్రకాశానికి హెచ్చరిక వచ్చింది, గంగారాం ఉద్యోగం నిలిచింది. పలకలన్నీ లేపించి, ప్రతి అతుకునూ వేలితో నొక్కి చూశాకే కాంక్రీటుకు అనుమతిచ్చాను. ఆ నేల ఇప్పటికీ సమంగా ఉంది.

సైటులో "అయిపోయిందా" అన్నది ప్రశ్న కాదు. పదవీ విరమణ దాకా నేను "ఇంకా ఏం మిగిలింది, చూపించు" అనే అడిగాను.