కార్‌పూల్‌లో టిబెట్

నా భార్యకు చాండ్లర్‌లో, కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. నాకు సన్నీవేల్‌లో. నెలకోసారి విమానం, రోజూ రాత్రి ఫోను. పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటాక ఫోన్లో మాట్లాడుకోవడానికి ఏముంటుంది? తిన్నావా అంటే తిన్నాను, ఏం తిన్నావంటే ఏదో తిన్నాను, అక్కడికి సరి. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర నేనుండే డబ్లిన్ ఊరి నిండా మనవాళ్ళే. పిల్లలు అంకుల్ అంటారు, పెద్దలు "ఒక్కరే వచ్చారా?" అంటారు. ఆ పలకరింపుకు జడిసి శనివారం పార్టీలకు వెళ్ళడమే మానేశాను.

కాబట్టి నేను మనుషులతో మాట్లాడేదంతా కారులోనే. ఆఫీసుకు రావాల్సిందేనని కంపెనీ హుకుం జారీ చేశాక, ఒకే బిల్డింగ్‌లో పనిచేసే ముగ్గురం ఒకే కారులో కలిసి వెళ్ళేలా కార్‌పూల్ మొదలుపెట్టాం. కారు నాది, నడిపేది నేను. ముందు సీట్లో కూర్చునే ఆవిడ చైనాలో పుట్టి పెరిగి, చదువు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడింది. నాకంటే బాగా డ్రైవ్ చేస్తుంది. ఆ సంగతి నాకు చెప్పకుండా ఒక్క రోజూ ఉండలేదు. వెనక సీట్లో కూర్చునేది ఒక టిబెటన్. అతను టిబెట్‌ను ఎన్నడూ చూడలేదు. పుట్టింది మైసూరు వైపు, శరణార్థుల కాలనీలో. కన్నడం గలగలా మాట్లాడతాడు, నన్ను "అన్నా" అంటాడు, ఉప్మా మాటెత్తితే ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాడు.

రెండేళ్ళు హాయిగా గడిచాయి. ఇళ్ళ ధరలు, మేనేజర్ల మీద చాడీలు, ఆవిడ కూతురి వయొలిన్ గోల. టిబెట్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తొద్దని ఎవరూ చెప్పలేదు, అయినా ముగ్గురం పాటించాం. పొద్దున్నే వాళ్ళిద్దరూ కారెక్కి తలుపులు వేసిన చప్పుడు వింటే నాకు ఇంట్లోకి చుట్టాలు వచ్చినట్టు ఉండేది.

ఒక మార్చి ఉదయం అతను ఒళ్ళో మడతపెట్టిన జెండాతో ఎక్కాడు. ఆవిడ వెనక్కి తిరిగి ఏమిటది అని అడిగింది. టిబెట్ జెండా అని, మధ్యాహ్నం లీవ్ పెట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో టిబెట్ తిరుగుబాటు రోజు ఊరేగింపుకు వెళ్తున్నానని చెప్పాడు. నేను పాటల సౌండ్ పెంచాను. ఆవిడ చెయ్యి చాపి ఆపేసింది.

"టిబెట్ వందల ఏళ్ళుగా చైనాలో భాగం," అంది. "బయటి దేశాలు మమ్మల్ని ముక్కలు చేసి పంచుకున్న రోజులు మా తాతయ్య చూశాడు. ఇంకో ముక్క పోతుందంటే మాకది పాలిటిక్స్ కాదు, భయం. అక్కడ రోడ్లు, రైలు, హాస్పిటల్స్ ఎవరు కట్టారు? అంతకుముందు సామాన్యులు వెట్టిచాకిరీ చేసేవాళ్ళు కాదా?"

"చేశారు. మా తాత కూడా చేశాడు," అన్నాడతను. "దాన్ని మేమే బాగుచేసుకునేవాళ్ళం. మాకు మా గవర్నమెంట్ ఉండేది, మా కరెన్సీ ఉండేది. రైలు వేశారు సరే, మా మతగురువుగారి ఫొటో గోడకు పెట్టుకుంటే పోలీసులొస్తారు. పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి బోర్డింగ్ స్కూళ్ళలో చైనీస్‌లో చదివిస్తున్నారు."

"అయితే ఏం కావాలి? వేరే దేశమా?"

"మా నాన్నకు వేరే దేశమే కావాలి. మా పెద్దల్లో చాలామంది, మా పాలన మాకిస్తే చాలు, చైనాలోనే ఉంటాం అంటారు. నాకు మా అమ్మ పుట్టిన ఊరు ఒక్కసారి చూడాలని ఉంది. వీసా ఇస్తారా?"

ఆవిడ ముందుకు తిరిగింది. "నా చేతిలో ఉంటే ఇస్తాను. కానీ ఆ జెండా తీసుకుని రాకు."

"జెండా వదిలేసి నేనెవర్నని చెప్పుకుంటూ వెళ్ళాలి?"

దారిలోని సూనోల్ కొండ దిగేసరికి ఇద్దరి గొంతులూ లేచాయి. "అన్నా, నువ్వు చెప్పు," అని అతను. "అవును, మీరే చెప్పండి," అని ఆవిడ. ఈ కేసు నాకు కొట్టిన పిండి అనుకున్నాను. మా అమ్మది గుంటూరు, మా నాన్నది నల్గొండ. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా డైనింగ్ టేబుల్ దగ్గర ఒకవైపు సమైక్యం, ఒకవైపు ప్రత్యేకం. మధ్యలో నేను ఇద్దరికీ పప్పు వడ్డించేవాణ్ణి. అందుకే ధీమాగా చెప్పాను. "మా రాష్ట్రాన్నీ విడదీశారు. ఎన్ని తిట్టుకున్నాం! ఇప్పుడు అందరం కలిసి బిర్యానీ తింటున్నాం. మీదీ అంతే, కొన్నాళ్ళకు సర్దుకుంటుంది. ఇద్దరూ చెప్పేదాంట్లో నిజం ఉంది."

ముందు అతనే అన్నాడు, "అన్నా, మీ అమ్మగారు గుంటూరు వెళ్ళాలంటే ఎవరి పర్మిషన్ అయినా అడగాలా? మీ దేవుడి ఫొటో ఎవరైనా తీయించారా?" ఆవిడ వెంటనే అందుకుంది. "రాష్ట్రం విడిపోతే దేశం అలాగే ఉంది కదా. దేశం విడిపోవడం అంటే ఏమిటో తెలిసే మాట్లాడుతున్నారా? మా ఇద్దరి బాధనీ బిర్యానీలో కలిపేశారు." సన్నీవేల్ వచ్చేదాకా, ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుని, నాకు క్లాసు పీకారు. రెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది. సర్దిచెప్పబోయినవాడి మీద పడతారేమిటి?

రాత్రి నా భార్యకు చెప్పాను, నావైపు మాట్లాడుతుందని. "వాళ్ళ గొడవలో పెద్దమనిషి వేషం నీకెందుకు?" అంది. "మీ ఇంట్లోనూ ఇంతే చేశావు. రాష్ట్రం విడిపోవాలనుకున్నావో వద్దనుకున్నావో నాకు ఈరోజుకీ తెలీదు." నాకూ తెలియదని అప్పుడే తెలిసింది. ఎవరూ దూరం కాకూడదనే ధ్యాసలో, నాకేమనిపిస్తోందో నన్ను నేనెప్పుడూ అడగలేదు.

మరుసటి వారం అతని దగ్గర్నుంచి మెసేజ్, టైమింగ్స్ మారాయని. ఆవిడ ఇక కొన్నాళ్ళు ఇంటి నుంచే పని అంది. నేను ఇద్దరికీ బొటనవేలి బొమ్మ పంపాను. కార్‌పూల్ లేన్‌లో ఉచితంగా పోవాలంటే కారులో ఇద్దరైనా ఉండాలి కాబట్టి, ఒక్కడినే మామూలు లేన్‌లో నత్తనడక. రేడియో పెట్టుకునేవాణ్ణి, విసుగేసి తీసేసేవాణ్ణి. పక్క సీటు మీద లంచ్ బ్యాగ్ పెట్టుకోవడం అలవాటైంది. పొద్దున్న పూట ఇంటికి తాళం వేస్తుంటే ఏడుపొచ్చేది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మే నెలలో ఒక రోజు సూనోల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉన్నాను. పక్కన కార్‌పూల్ లేన్‌లో ఆవిడ తెల్ల కారు మెల్లగా నన్ను దాటింది. నడుపుతున్నది ఆవిడే. పక్క సీట్లో అతను, పూర్తిగా ఆవిడ వైపు తిరిగి, వేలు చూపిస్తూ ఏదో అంటున్నాడు. ఆవిడ ఒక చెయ్యి స్టీరింగ్ మీద నుంచి తీసి, కాదు కాదన్నట్టు గాల్లో ఊపుతోంది. అద్దాలు వేసి ఉన్నాయి, ఒక్క ముక్క వినపడలేదు. అయినా ఏం వాదించుకుంటున్నారో నాకు తెలుసు. ఇద్దరి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి. నా కారులో రెండేళ్ళలో ఒక్కసారైనా వాళ్ళు ఒకరినొకరు అలా చూసుకోలేదు.

వాళ్ళు నన్ను గమనించలేదు. నాకు కోపం రావాలి, రాలేదు. హారన్ కొట్టి ఆపి, వెనక సీట్లో ఎక్కి, నాకేమనిపిస్తోందో తప్పో ఒప్పో చెప్పేసి, ఇద్దరి చేతా సన్నీవేల్ దాకా తిట్లు తినాలనిపించింది.