చావింటి షామియానా

మొన్న యాప్రాల్‌లో మా దూరపు చుట్టం ఒకాయన పోతే చూడటానికి వెళ్లాను. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. ఇన్‌షర్ట్ చేసుకున్న కుర్రాడొకడు ఆ ఇంటి కొడుకును పక్కకు పిలిచి షామియానా, కుర్చీలు, ఐస్ పెట్టె, బండి అన్నీ కలిపి ఎంతవుతుందో మర్యాదగా చెబుతున్నాడు. తప్పేమీ లేదు. మేడ్చల్ కాలేజీలో కామర్స్ చెప్పినన్నాళ్లూ వ్యాపార లక్ష్యాలంటే లాభం, సేవ, ఎదుగుదల అని బోర్డు మీద రాసినవాణ్ణి, ఆమాత్రం నాకు తెలియదా? అయినా అక్కడ నిలబడలేక బయటికొచ్చేశాను. మా మేనమామ గుర్తొచ్చాడు.

మామకు మేడ్చల్ బస్ డిపో దగ్గర టెంట్ హౌస్ ఉండేది. తొంభైల్లో చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా ఆయన ఎర్ర పసుపు షామియానాలు, వంట గంజులు, కింద పరిచే సతరంజీలు వెళ్లాల్సిందే. "గీ రంగుల నడుమ పెండ్లికొడుకు మొఖం ఎవలకు కనవడ్తది" అని అత్త వెక్కిరించేది. లోపలి గదిలో తెల్లబట్ట షామియానా ఒకటి విడిగా ఉండేది. అది చావు జరిగిన ఇళ్లకు. పెళ్లి బేరానికొచ్చినవాళ్లు కుర్చీ లాక్కుని కూర్చునేవాళ్లు. చావు కబురుతో వచ్చినవాళ్లు గడప బయటే నిలబడిపోయేవాళ్లు. అలా నిలబడ్డ మనిషిని చూడగానే మామ మారుమాట లేకుండా లేచి ఆ తెల్ల షామియానా, దాని గుంజలు బండిలో వేయించేవాడు. కిరాయి తీసుకునేవాడు కాదు. ఇస్తామన్నవాళ్ల మీద కోప్పడేవాడు కూడా. "ఏడ్చేటోని జేబుల చెయ్యి వెడ్తమా? పెండ్లిళ్లు బతికిస్తున్నయి, సాలదా" అనేవాడు. నేను పాఠంలో విడివిడిగా చెప్పే లాభమూ సేవా ఆ దుకాణంలో ఒకే బండి మీద వెళ్లేవి. చాలా ఏళ్లు అలాగే నడిచింది.

రెండువేలు దాటాక శామీర్‌పేట దారిలో ద్రాక్షతోటలు తీసేసి ప్లాట్లు చేశారు. భూములమ్మినవాళ్లు రోడ్డు పక్కన ఫంక్షన్ హాళ్లు కట్టారు. గార్డెన్ అని బోర్డు పెట్టినచోట చెట్టన్నది ఉండేది కాదు గానీ, పెళ్లిళ్లన్నీ అక్కడికే పోయాయి. చావును మాత్రం ఫంక్షన్ హాలుకు ఎవరు తీసుకెళ్తారు? అది ఇంటి ముందే. చూస్తుండగానే మామకు పిలుపంటే తెల్ల షామియానాకే అన్నట్టయింది. డబ్బు తెచ్చే పని పోయి, డబ్బు తీసుకోనన్న పని మిగిలింది.

"పెండ్లికి పిలుస్తలేరు. సావుకు పైసలొద్దంటవు. ఇగ మనం ఏం తినాలె?" అంది అత్త. అడగడంలో న్యాయముంది. ఒకరోజు ఎవరో కిరాయి తెచ్చిస్తే తనే అందుకుంది. మామ అటు తిరిగి తాడు చుడుతూ కూర్చున్నాడు. అప్పట్నుంచి తీసుకోవడమే. ఊళ్లో ఎవరూ తప్పుపట్టలేదు.

కీసరలో మామ చిన్ననాటి స్నేహితుడు పక్షవాతంతో మంచాన పడితే, చూడటానికి మామను నా స్కూటర్ మీద తీసుకెళ్లాను. మంచం పక్కన కూర్చుని బాగోగులు అడిగాడు. మాటల మధ్యలోనే మామ చూపు వాకిట్లోకి వెళ్లింది. గేటు నుంచి బావి దాకా, బావి నుంచి గోడ దాకా. స్నేహితుడు వంకరపోయిన మూతితోనే నవ్వాడు.

"ఏందిరా, గుంజలు యాడ పాతాల్నో సూస్తున్నవా?"

ఎగతాళికే అన్నాడు. మామ నవ్వలేదు. తిరుగుదారిలో శామీర్‌పేట చెరువు దగ్గర స్కూటర్ ఆపమన్నాడు.

"నేను నిజంగనే సూసిన అల్లుడా" అన్నాడు. "ఫోన్ మోగితే పాణం లేచొస్తాంది, ఎవలో సచ్చిండ్రని. గిదేం బతుకు?"

కొద్దిరోజులకే దుకాణంలో సామానంతా అమ్మేసి ఒక ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్‌గా కుదిరాడు. అత్త చాలా కాలం ఆయనతో సరిగా మాట్లాడలేదు.

ఆ స్నేహితుడు ఇంకా కొన్నేళ్లు బతికి, నడివేసవిలో పోయాడు. ఎక్కడినుంచో కిరాయికి తెచ్చిన షామియానా కింద అందరం కూర్చున్నాం. మామ ఒక్కడే ఎండలో, ఆ రోజు చూపుతో కొలిచిన గోడ దగ్గర నిలబడ్డాడు. ఎంత పిలిచినా నీడలోకి రాలేదు. ముసలితనపు పంతం అనుకున్నాను అప్పుడు. అది సిగ్గని తెలియడానికి నాకు ఆయన వయసు రావాల్సొచ్చింది.