దిర్హాముకు ఎన్ని రూపాయలు

మొన్న మా చెల్లెలి కూతురు, ఏ దేశం డబ్బునైనా రూపాయల్లోకి మార్చి చూపే వెబ్ పేజీ ఒకటి తెచ్చి చూపించింది. ఎలా రాశావని అడిగితే, తాను రాయలేదని, కావలసింది చెబితే కంప్యూటరే రాసిచ్చిందని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అలాంటి పేజీయే ఒకప్పుడు మా ఇంట్లో చిచ్చు పెట్టింది మరి.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నలభై దాటిన వయసులో, చిట్యాల నుంచి బస్సెక్కి భువనగిరికి కంప్యూటర్ క్లాసుకు పోయేదాన్ని. మా ఆయన అప్పుడు దుబాయిలో తాపీపని చేస్తున్నారు. కొత్తవాళ్లకు సులువని మా సారు ఇచ్చిన పని అదే: అంకె వేయడానికో గడి, దేశం ఎంచుకోవడానికో గడి, కింద ఒక బటన్, నొక్కితే ఆనాటి రేటు ఇంటర్నెట్ నుంచి తెచ్చి, గుణించి చూపాలి. అది మొదటిసారి పనిచేసిన పూట, తమ్ముడిచ్చిన పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సంబరంగా దుబాయి దిర్హాములు కొట్టి చూస్తుంటే, వెనక అత్తమ్మ నిలబడి ఉంది.

"నా కొడుకు జీతం లెక్క తీస్తున్నవా?"

చదువు కోసమని ఎంత చెప్పినా నమ్మలేదు, ఫోనులో కొడుక్కి చెప్పనే చెప్పింది. "నేనేమన్న ఈడ దాస్తున్ననా?" అని ఆయన నా మీద గయ్యిమన్నారు. తర్వాత చాలా రోజులు ఫోను అత్తమ్మకే వచ్చేది. ఇంత కోపమెందుకు, నిజంగానే ఏదో దాస్తున్నారేమోనని నాలోనూ పురుగు తొలవసాగింది.

ఒక పొద్దున అత్తమ్మే వచ్చి పక్కన కూర్చుంది. "గాడ చాయ్ ఒక్క దిర్హామంట. జర గా గడిల ఏసి చూడు."

పేజీ పద్దెనిమిది రూపాయల దాకా చూపింది. అబద్ధమంటూ అత్తమ్మ మళ్లీ నొక్కించింది, మళ్లీ అదే వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గందుకేనా చాయ్ బందువెట్టిన అన్నడు! పానం బాగలేక నాకు చెప్తలేడనుకున్న," అంది.

ఆ సాయంత్రం అత్తమ్మ ఆయనతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోను నా చేతిలో పెట్టింది. జీతం మాట ఎత్తకుండా, పొద్దుటిపూట చాయ్ తాగమని మాత్రం అన్నాను. "సరే, తాగుత తియ్," అన్నారు.

ఆయన తిరిగొచ్చి ఏళ్లయింది, అత్తమ్మ పోయింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఫోను వారిది, ఎవరి లెక్క వారిది. వెనక నిలబడి తొంగిచూసేవాళ్లు లేరు. అప్పుడు అనుమానంతోనైనా ఒక మనిషి వచ్చి పక్కన కూర్చునేది.