పాత బజారు గోడల చప్పుడు

నవ్వితే నవ్వుండ్రి గానీ, టేకులపల్లి పాత బజార్ల దయ్యమున్నదని ఊరంత చాటింపేసింది వేరెవరో కాదు, నేనే!

దుకాణాలన్నీ మెయిన్ రోడ్డు మీదికి పోయినంక పాత బజారు పాడుబడ్డది గదా. పగలు సుత ఆ దారిన ఎవరూ నడవరు. "ఎన్నేండ్లు గిట్ల ఉంచుతం? మనమే తెరుద్దాం" అని మా సంఘం ఆడోళ్లం అనుకున్నం. ఓనర్లను బతిమిలాడి తాళాలు తెచ్చినం. సంత రోజే ఓపెనింగ్. నాకు సుత ఒక కొట్టు ఇచ్చిండ్రు, టైలరింగ్ పెట్టుకోనీకి. ఇంట్ల మంచం పక్కన ఇరుక్కొని కుట్టి కుట్టి విసుగొచ్చింది. సొంత షాపంటే ఎంత ఆశనో!

సంతకు ముందురోజు, పగటి భోజనమైనంక, సున్నం వేద్దామని ఒక్కదాన్నే పోయిన. అడవి దిక్కు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. కరెంటు పోయింది. లోపలంత గబ్బిలాల వాసన. సెల్లు టార్చి పెట్టుకొని, కింద కూసొని సున్నం వేస్తున్న.

టక్... టక్... టక్.

గోడలకెళ్లి వస్తున్నది చప్పుడు! నా చెయ్యి ఆగిపోయింది. ఎలుకేమో అనుకొని, ధైర్యం చేసి నేను సుత కుంచె కట్టెతోని రెండుసార్లు కొట్టిన. చప్పుడు బందైంది. ఇగ పోయిందిలే అనుకునేసరికి, నా చెవి పక్కకే, మెల్లగ... టక్. టక్.

ఎలుక లెక్కవెట్టి కొడతదా!

లేవబోయి బకెట్ తన్నుకున్న. సున్నమంత నా మీదనే. "ఓయమ్మో!" అనుకుంట బయటికి ఉరికిన. గప్పుడే పక్క కొట్లకెళ్లి తెల్లగ, జుట్టు విరబోసుకొని, కండ్లు మిటకరించుకుంట ఒకటి బయటికొచ్చింది! అది నన్ను చూసి కేకేసింది. నేను దానికన్న పెద్ద కేకేసిన. చెరో సందుల పడి ఉరికినం.

బస్టాండ్ కాడి హోటల్ ముంగట నిలబడి "తెల్ల దయ్యం! పాత బజార్ల తెల్ల దయ్యం!" అని అరుస్తున్న. అవతలి సందుల నుంచి ఆ దయ్యం సుత అక్కడికే వచ్చింది, చెప్పులు చేతుల పట్టుకొని.

"వామ్మో, ఇది ఈడికి సుత వచ్చిందే!" అన్నది.

గొంతు ఇన్నంక సమజైంది. మా యాకమ్మత్త! పక్క కొట్ల బజ్జీల దుకాణం పెడుతున్నది. ఆమె సుత సున్నమే వేస్తున్నదట.

హోటలోళ్లు చాయ్ ఒలికేదాక నవ్విండ్రు. నాకేమో ఏడుపు తన్నుకొచ్చింది. "నా నోటితోని నేనే దయ్యాల బజారని పేరు పెడితినత్తా! రేపు ఎవరొస్తరు?"

రాకపోవుడేంది! తెల్లారి గూడేల నుంచి సుత ఆటోలల్ల వచ్చిండ్రు. "ఏదక్కా దయ్యం?" అని అడుగుడు, గోడకు చెవి పెట్టి ఇనుడు, బజ్జీలు తినుడు. పొద్దుగూకక ముందే అత్త పిండి అయిపోయింది.

కొట్ల మూకుడు కడుక్కుంట అత్త అడిగింది. "గోడ ఎందుకు కొట్టినవే సరోజా? నా పానం పోయింది."

"ముందుగల కొట్టింది నువ్వే గదత్తా!"

"నేనెందుకు కొడత? చప్పుడుకు భయపడి అవతలి మూలకు నక్కిన."

ఇద్దరం మొకాలు చూసుకున్నం. గట్టిగ నవ్వినం. నవ్వుకుంటనే ఇద్దరం ఒకేసారి బయటికొచ్చినం.

ఇప్పుడు షాపు మంచిగ నడుస్తున్నది. కుట్టు మిషన్ మాత్రం బయట అరుగు మీదనే పెట్టిన. ఎందుకక్కా అంటే గాలి కోసమని చెప్తున్న. కొత్త ఫ్యాను లోపల ఒక్కటే తిరుగుతున్నది!