నిచ్చెన తీసింది సింహాచలం మావే

ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లూ ఒక అబద్ధాన్ని మోశాను. పెళ్లిపీటల మీద మోశాను, పురిట్లో మోశాను, మా నాన్నను సాగనంపిన రోజూ మోశాను. పెద్ద అబద్ధం కూడా కాదు. ఒక్క మాట. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకేనేమో మీతో చెప్పగలుగుతున్నాను. మొన్న ఆదివారం నుంచి ఆ బరువు నా మీద లేదు. ఎలా దిగిందో చెప్పాలంటే ముందు ఎలా ఎక్కిందో చెప్పాలి.

సైనిక పాలన మీద తిరగబడ్డ జనంతో రంగూన్ వీధులు నిండిపోయి, ఆ తర్వాత తుపాకుల మోతకు ఖాళీ అయిపోయిన సంవత్సరం అది. నాకు పందొమ్మిదేళ్లు. మాది రేవు పక్కనున్న బోటాటౌంగ్ పేట, నాన్న ఆ రేవులో మూటలు మోసేవాడు. నేను ఊరికి ఉత్తరాన ఒక విదేశీ కుటుంబం బంగళాలో ఇంటిపని చేస్తూ, వెనకాల పనివాళ్ల గదిలో ఉండేదాన్ని. సింహాచలం మావ అక్కడ తోటమాలి. నది అవతలి దలా నుంచి రోజూ పడవలో వచ్చేవాడు. చుట్టం కాదు. మన తెలుగువాడు కనక మావ అనేదాన్ని.

ఆ తోటలో ఒక ఈతకొలను ఉండేది. నేల తవ్వి కట్టింది కాదు. పచ్చిక మీద గుండ్రంగా రేకు గోడ నిలబెట్టి, లోపల నీలం ప్లాస్టిక్ పట్టా పరిచి నీళ్లు నింపింది. దొరసాని పిల్లలు అందులో చేపల్లా ఈదేవాళ్లు. నేను తువ్వాళ్లు పట్టుకుని గోడ పక్కన నిలబడేదాన్ని.

అల్లర్లు ముదిరాక వాళ్లు స్వదేశం వెళ్లిపోయారు. వెళ్లే ముందు దొరసాని మావను పిలిచి, చలికాలానికి కొలను మూసెయ్యమంది. రంగూన్ చలికి నీళ్లు గడ్డకడతాయా? కట్టవు. కానీ వాళ్ల దేశంలో అదొక పద్ధతి, ఆమె దాన్ని వదల్లేదు. మావ శ్రద్ధగా చేశాడు. ఆకులన్నీ వల వేసి తీశాడు. గోడకు పాచి లేకుండా రుద్దాడు. జానెడు నీళ్లు తోడేశాడు, అంతకు మించి తోడలేదు. లోపల నీళ్లు ఉంటేనే రేకు గోడ నిలబడుతుందని నాకు చెప్పాడు. క్లోరిన్ పొడి కలిపాడు. చివరికి ఇనప నిచ్చెన పైకి తీశాడు. అది బరువు. రెండో కొస నేనే పట్టుకున్నాను. ఇద్దరం మోసుకెళ్లి గోడౌన్లో పెట్టాం. తర్వాత టార్పాలిన్ కప్పి, చుట్టూ తాడు బిగించాడు. దొరలు వచ్చేదాకా పని లేదు కనక దలా వెళ్లిపోయాడు.

బంగళాలో నేనొక్కదాన్నే మిగిలాను. బస్సులు లేవు. ఇంటికి పోదామంటే దారిలో సైనికులు. రేడియో చెప్పేది నమ్మబుద్ధి కాదు, నిజం చెప్పేవాళ్లు గేటు దాకా రారు. వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం తాడు విప్పాను.

ఎందుకు విప్పాను? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. దేశమంతా తలుపులు మూసుకుంటుంటే నా ఒక్కదానికైనా ఒక తలుపు తెరుచుకోవాలనిపించిందా? లేక ఉత్త కోరికేనా? కోరికే అయి ఉంటుంది. నిచ్చెన ఈడ్చుకొచ్చి లోపల దించాను. తమేన్, అదే బర్మా ఆడవాళ్ల లుంగీ, గుండెల మీదికి బిగించి కట్టుకుని దిగాను. మొదటి రోజు నిచ్చెన వదల్లేదు. వారానికి చేతులు ఆడాయి. తల ముంచితే ఊళ్లో మోతలేవీ వినపడేవి కావు. మూడో వారంలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఆగకుండా ఈదాను. అవతలి గోడ పట్టుకుని, ఒక్కదాన్నే, పెద్దగా కేక పెట్టాను. జనం ఓడిపోయిన ఆ ఏడాది నేను గెలిచింది అదొక్కటే. ఆ ఈతకు నేను సిగ్గుపడను. ఇప్పుడూ పడను. నా సిగ్గు దాని తర్వాతది.

దొరలు మర్నాడే వస్తున్నారని కబురొచ్చింది. కంగారుగా నిచ్చెన లాగాను. ఒంటి చేత్తో అయ్యే పనా అది? పక్కకు ఒరిగి, రబ్బరు తొడుగు ఊడిన దాని కాలు పట్టాలో దిగబడింది. పర్రున చిరిగింది. నీళ్లు గోడ కింద మట్టిని కోసుకుంటూ పోయాయి, రేకు గోడ లోపలికి మడత పడి నిచ్చెన మీద కూలింది. ఎంత గుంజినా నిచ్చెన రాలేదు. టార్పాలిన్ మాత్రం మళ్లీ పైన పరిచి తాడు కట్టేశాను.

మర్నాడు దొరలు, కబురందుకుని వచ్చిన మావ, నేను, అందరం ఆ రేకుల చుట్టూ నిలబడ్డాం. దొరసాని నిచ్చెన వైపు చూపించి, నువ్వు తియ్యలేదని మావను నిలదీసింది. తీశానని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. నా వైపు తిరిగాడు.

"నువ్వు సూసినావు కదే గుంటా! ఆ కొస నువ్వే కదా పట్టుకున్నావు. సెప్పు."

దొరసాని తనకొచ్చిన బర్మాలో అడిగింది, చూశావా అని.

"మమ్యిన్‌బూ," అన్నాను. చూడలేదు.

మావ నన్ను చూస్తూ ఉండిపోయాడు. అరిచి ఉంటే మరిచిపోయేదాన్నేమో. ఆ రోజే ఆయన్ని పనిలోంచి తీసేశారు. విదేశీయులు పెద్దగా మిగలని ఊళ్లో అలాంటి పని మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? దలాలో చేపల వలలు అల్లుకుంటున్నాడని తర్వాత విన్నాను. విని ఊరుకున్నాను. భయం వల్లా? మొదట్లో భయమే. తర్వాత అలవాటు. అలవాటైన తప్పు నొప్పి పెట్టదు, బరువుగా మాత్రం ఉంటుంది.

మొన్న శనివారం ఒక పెళ్లిలో దలా నుంచి వచ్చిన ఆవిడ నవ్వుతూ చెప్పింది, వాళ్ల వీధిలో ఒక ముసలాయన్ని 'నిచ్చెన సింహాచలం' అంటారట. నిచ్చెన తియ్యడం మరిచి దొరల కొలువు పోగొట్టుకున్నాడట. పిల్లలు కూడా అలాగే పిలుస్తారట. మర్నాడు పొద్దున్నే పడవెక్కాను.

వాకిట్లో కూర్చుని వల బాగు చేస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నేనెవరో చెప్పాను. నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. తాడు విప్పింది నేను. నిచ్చెన దించింది నేను. పట్టా చింపింది నేను. చూసి కూడా చూడలేదన్నది నేను.

వల పక్కన పెట్టాడు. తర్వాత లోపలున్న భార్యను కేకేశాడు.

"అప్పయ్యమ్మా! ఇలా రా. ఏటన్నావు నన్ను ఇన్నాళ్లూ? తాగి మరిసిపోనానన్నావు కదా? ఇను." నా వైపు తిరిగాడు. "మళ్లీ సెప్పు."

చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన మోకాళ్లు పట్టుకుని లేచి వీధిలోకి నడిచాడు. "ఒరే, అందరూ రండిరా!" అన్నాడు. ఇరుగుపొరుగు వచ్చారు. పిల్లలు వచ్చారు. పది మంది, ఇరవై మంది.

"ఇంకోపాలి సెప్పు. గట్టిగా."

"నిచ్చెన తీసింది సింహాచలం మావే!" అన్నాను. నా గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. "నా కళ్లతో చూశాను. అబద్ధం చెప్పింది నేను!"

క్షమించమని నేను అడగలేదు. క్షమించానని ఆయనా అనలేదు. కూర్చోమని కూడా అనలేదు. "ఇంక నువ్వు పో," అన్నాడు, అంతే. నా ముఖం చూడలేదు. ఛాతీ విరుచుకుని, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే చూస్తున్నాడు.

రేవు వైపు నడిచాను. ఊపిరి కడుపు నిండా ఆడుతోంది. సందు మలుపు తిరిగేదాకా ఆయన గొంతు నా వెనక వినిపిస్తూనే ఉంది. ఆలస్యంగా వచ్చిన వాళ్లెవరికో మొదటి నుంచి చెబుతున్నాడు.