వేలంలో పోయిన గుహ

కంచెలా నిలబడమంటే చేను మేసినవాణ్ణి నేను. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే నాకూ బరువు తగ్గుతుంది, మీకు నా మీద అనవసరమైన గౌరవం ఏమన్నా ఉంటే అదీ పోతుంది. మొన్న దసరా సెలవులకు హాస్టలు నుంచి కడపలో మా ఇంటికి వచ్చిన మనవరాలి పెట్టెలో, లెక్కల గైడుకూ సైన్సు గైడుకూ మధ్య, అట్ట మీద దీపస్తంభం బొమ్మ వేసిన ఇంగ్లీషు నవల ఒకటి బయటపడింది. మా అబ్బాయి దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా దీన్ని నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి నాయనా, ఎవరడిగినా ఇయ్యాకు అన్నాడు. ఉద్యోగమంతా ప్రభుత్వ ఫైళ్ళు ఎవరికీ దొరకకుండా దాచినవాడు ఒక్క పుస్తకం దాచలేడా అని వాడి నమ్మకం.

తాళం వేశాను. మర్నాడు మధ్యాహ్నం కునుకు వేళకు, ఈ కాలం పిల్లలు ఏం చదువుతున్నారో పెద్దవాళ్ళు తెలుసుకోవడం అవసరమే కదా అని నాకు నేనే ఒక ఉత్తర్వు జారీ చేసుకుని తాళం తీశాను. నాకు తెలిసిన ఇంగ్లీషంతా ‘విత్ రెఫరెన్స్ టు’ అని మొదలయ్యేదే. అట్లా మొదలుకాని ఇంగ్లీషు చదవడం అదే తొలిసారి. వాన చుక్కకు మొహం వాచిన సీమలో పుట్టినవాణ్ణి, ఎక్కడో సముద్రపు ఒడ్డున దీపస్తంభంలో ఉండే పదిహేనేళ్ళ అమ్మాయి కథలో నిండా మునిగిపోయాను. పడవ మీద పోయిన వాళ్ళ నాన్న తిరిగి రాలేదు. ఎప్పుడొచ్చినా దారి కనబడాలని ఆ పిల్ల రోజూ దీపం వెలిగిస్తుంది. మంచు కమ్మినప్పుడల్లా ఎవరో లోపలి నుంచే దాన్ని ఆర్పేస్తున్నారు. అబ్బాయి అడుగుల చప్పుడు వినబడితే పుస్తకం దిండు కింద, దినపత్రిక ముఖం మీద. ఈ వయసులో, నా ఇంట్లో, నా కొడుకుకు భయపడుతూ!

నవ్వొచ్చే సంగతే గానీ నవ్వలేకపోయాను. మనవరాలు ఏడ్చి ఉంటే, అలిగి అన్నం మానేసి ఉంటే నాకింత దిగులుండేది కాదు. పెట్టింది తింది, ఇచ్చిన లెక్కలు చేసింది, అడిగినదానికి ఊ అంది. ఆ పిల్ల చిన్నప్పుడు కిరాణా పొట్లాల కాగితాలు కూడా విప్పి చదివేది. అటువంటిది ఇప్పుడు టీవీలో పోయే అక్షరాలనైనా తలెత్తి చూడటం లేదు. హాస్టలుకు తిరిగి పోయేరోజు మాత్రం నా పక్కన కూర్చుని, పుస్తకం వద్దులే తాతా, ఆ దీపం ఆర్పేది ఎవరో చూసి చెప్తావా, సగంలో ఆగింది అని అడిగింది. నేను పెద్దమనిషిలాగా, పరీక్షలు కానీలే తల్లీ అన్నాను. అంతటితో ఆ ఊ అనడం కూడా మానేసింది.

సగంలో ఆగిన కథ మనిషిని ఏం చేస్తుందో నాకు తెలియనిది కాదు. నాది ఒక గుహలో ఆగింది.

మాది కర్నూలు జిల్లాలో కోడుమూరు దగ్గర పల్లె. మా నాయన కొద్దిపాటి వానాధార భూమి చేసుకునే రైతు, మా గుడికి, అంటే ఊళ్ళో చర్చికి, సంఘపెద్ద. ఇంట్లో వాక్యపుస్తకం, బడి పుస్తకాలు తప్ప ఇంకో కాగితం కనబడితే ఆయనకు పాము కనబడినట్టే. నేను కోడుమూరు హైస్కూల్లో చదివే రోజుల్లో ఏదో పని మీద కర్నూలుకు పంపితే, పాతబస్తీలో ఒక సాహెబు నడిపే అద్దె పుస్తకాల అంగడి కంటబడింది. నా వయసువాళ్ళకు ఆ అంగళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. పుస్తకం ముట్టుకుంటే అందరి చేతుల చెమటా మన చేతికి అంటేది. ఆ సాహెబు అంగట్లో కూర్చోవడానికి పీట గానీ బల్ల గానీ ఉండేది కాదు. ఏ పుస్తకం బాగుంటుందని అడిగితే, నిలబడి ఒక అధ్యాయం చదువు, కాళ్ళు నొప్పి పుడితే పెట్టేసిపో, పుట్టకపోతే తీసుకపో అనేవాడు. కూర్చోబెడితే పాడు పుస్తకం గూడా బాగుంటాది అప్పా అని ఆయన సిద్ధాంతం. పుస్తకాలు ఎంచుకోవడం గురించి ఇన్నేళ్ళలో ఇంతకంటే మంచి సలహా నేను వినలేదు.

అట్లా కాళ్ళు నొప్పి పుట్టని పుస్తకం ఒకటి దొరికింది. అసలు అట్ట ఎప్పుడో పోయి సాహెబు గోధుమరంగు కాగితం అంటించాడు. మొదటి పుటలు కూడా లేవు గనక దాని పేరేమిటో, రాసిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. నా ఈడువాడే ఒకడు, తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ గుహలోకి పోతాడు. పోయేకొద్దీ దీపంలో నూనె తగ్గుతూ ఉంటుంది. వీడు ఆగితే వెనక ఎవరివో అడుగులు కూడా ఆగుతాయి. మా ప్రాంతంలో గుహలకు కొదవ లేదు కాబట్టి అదంతా మా చేను గట్టు కిందే జరుగుతున్నట్టుండేది. పశుగ్రాసం వామి వెనక కూర్చుని చదివేవాణ్ణి. చివరి నాలుగు అధ్యాయాలు, తినుబండారం దాచుకున్నట్టు, ఆదివారానికని దాచుకున్నాను.

ఆ ఆదివారమే కోతల పండుగ. మా సంఘాల్లో ఏటా పంట ఇంటికొచ్చాక, ఎవరికి పండింది వాళ్ళు దేవుని బల్ల ముందు పెడతారు: శెనక్కాయలు, కొర్రలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన నాటుకోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని గుడి ఆవరణలో వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయ కోసం బావా బావమరుదులు పంతానికి పోయి పాడుతుంటే, వేలంవెర్రి అనే మాట మా గుడి ముందే పుట్టిందేమో అనిపించేది. కట్టుబాటు ఒక్కటే: ఎవరిచ్చింది వాళ్ళు పాడుకోకూడదు, దేవునికిచ్చింది వెనక్కి తీసుకోకూడదు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. శెనక్కాయ చెట్టు పీకితే వేర్లకు మట్టి తప్ప కాయ లేదు. కోతల పండుగకు కోతలు కోయడం తప్ప కోసింది లేదని మా అమ్మ అంటే నాయన నవ్వలేదు. సంఘపెద్ద ఉత్త చేతులతో ఎట్లా పోతాడు?

ఇంట్లో ఎవరికి ఏది ముద్దో అది తెమ్మన్నాడు. తను కట్టకుండా దాచుకున్న కొత్త పంచె తీశాడు. అమ్మ గుడ్లు పెట్టే కోడిని పట్టింది. నేను ఒక గోలీల సంచి తెచ్చాను. ఆయన దాని వంక చూడలేదు. నేరుగా వామి వెనకకు పోయి గోధుమరంగు అట్ట పుస్తకంతో వచ్చాడు. నా రహస్యం ఆయనకు ఎప్పటి నుంచో తెలుసునని అప్పుడు తెలిసింది.

“వద్దనుకున్నది ఇస్తే అది ఇచ్చినట్టు గాదురా, పారేసినట్టు,” అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

వేలంలో పంచె పోయింది, కోడి పోయింది. పుస్తకం దగ్గర అందరూ నవ్వారు. మా అయ్యగారు, అంటే మా పాస్టరు, పిల్లల చేతుల్లో పడితే చెడిపోతారని తానే పాడుకుని సంచిలో వేసుకున్నారు. ఆ సాయంత్రం నేను దుఃఖం ఆపుకోలేక, అది నాది గాదు, కర్నూలు సాహెబుది, అద్దెకు తెచ్చినా అని చెప్పేశాను. మా నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒకరి సొత్తు దేవునికిచ్చాడు. వెనక్కి అడగడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. ఆయన జీవితంలో అంత పెద్ద పొరపాటు ఇంకోటి చేసి ఉండడు; ఇంకెవరికైనా అది పొరపాటుగా కూడా తోచి ఉండదు.

పొద్దున్నే నన్ను బస్సెక్కించి కర్నూలుకు తీసుకుపోయాడు. నవలల అంగడి గడప తొక్కడం ఆయనకు అదే మొదలు, అదే ఆఖరు. తల దించుకుని జరిగింది చెప్పి, పోయినదానికి బదులు ఏం చెయ్యమన్నా చేస్తానన్నాడు. సాహెబు ఆయన్ను కాసేపు చూశాడు.

“పోనీలేప్పా, దేవుడు గూడా సదువుకోనీ. ఆయనకు మాత్రం పొద్దు పోవద్దా?”

సాహెబు నా వైపు తిరిగి, యాడిదాకా అయిందని అడిగాడు. అడుగుల చప్పుడు దాకా అని చెప్పాను. ఆయన కళ్ళు వెలిగాయి. ఆ అడుగులు ఎవరివో తెలుసునా పిల్లోడా, అని మొదలుపెట్టాడో లేదో, మా నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

“బస్సుకు టైమైతాంది, పద.”

ఇంటికొచ్చాక ఒక వింత జరిగింది. ఆ నెల నుంచి మా అయ్యగారి ప్రసంగాలు మారిపోయాయి. అంతవరకు ఆయన వాక్యం చెబుతుంటే సగం గుడి నిద్రపోయేది. ఇప్పుడు వాక్యపుస్తకంలో కాబోయే రాజొకడు పగవాడికి భయపడి గుహలో దాక్కున్న ఘట్టం ఎత్తుకుని, ఆ గుహలో గబ్బిలాలెట్లా లేస్తాయో, దీపంలో నూనె తగ్గుతుంటే గోడల మీద నీడలెట్లా పెరుగుతాయో, ఆగితే ఆగే అడుగుల చప్పుడెట్లుంటుందో చెప్పేసరికి ముసలమ్మలు కూడా కొంగు నోట్లో కుక్కుకుని వినేవారు. ఆ గుహ యాడిదో నాకొక్కడికే తెలుసు. నేను అందరికంటే ముందు పోయి ముందు వరసలో కూర్చునేవాణ్ణి. కొడుకుకు భక్తి కుదిరిందని మా నాయన మురిసిపోయాడు. పుస్తకం అడిగే ధైర్యం లేదు. అయ్యగారు వారానికింత చొప్పున నన్ను గుహ చివరికి చేర్చకపోతారా అని ఎదురుచూశాను. తీరా ఆ అడుగులు మలుపు తిరిగి వెలుతురులోకి వచ్చే ముందు ఆదివారం, ఆయనకు బదిలీ అయింది. పుస్తకం ఆయన సామానుతో పాటు ఎద్దుల బండి ఎక్కింది. కొత్తగా వచ్చినాయన పాపాల గురించి మాత్రమే చెప్పేవాడు, అవీ రుచీపచీ లేని పాపాలు.

కాలేజీకి కర్నూలు పోయినప్పుడు వెతికితే సాహెబు అంగడి ఉన్నచోట గాజుల అంగడి ఉంది. ఇక కథల జోలికి పోలేదు. చదవడమంటే సంతకం పెట్టే ముందు చేసే పని అని నేర్చుకున్నాను. నా కొడుక్కూ అదే వచ్చింది. మనవరాలి ప్రతి పుట్టినరోజుకూ నేను ఎంచి ఎంచి కొన్నవి జనరల్ నాలెడ్జి, వ్యాకరణం, విజయానికి మెట్లు. మెట్లు మెట్లుగానే పేరుకున్నాయి, ఎక్కినవాళ్ళు లేరు.

దసరా సెలవులయ్యాక ఒక ఆదివారం మనవరాలిని చూడటానికి పోతే, చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. ఏం చెప్పినా గోడ వైపు చూస్తుంది. హాస్టలు ఊరి బయట, రాయచోటి రోడ్డులో. కథల పుస్తకాలు, గైడ్ల మధ్య దూరినవి తప్ప, గేటు దాటనీయరు గానీ, పెద్దవాళ్ళు వచ్చి పిల్లలతో ప్రార్థన చేసుకుంటామంటే వార్డెనమ్మ అడ్డు చెప్పదు. అప్పుడు నాకు మా అయ్యగారు గుర్తొచ్చారు. మరుసటి వారం చంకలో వాక్యపుస్తకం పెట్టుకుని పోయి, వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని, ఒకానొక సముద్రపు ఒడ్డున, అని గొంతు తగ్గించి మొదలుపెట్టాను. మనవరాలు మెల్లగా గోడ మీది నుంచి చూపు తిప్పింది. చివర్లో ప్రార్థన కూడా చేశాను, కాబట్టి అబద్ధమాడినట్టు కాదు.

వారం వారం బల్ల చుట్టూ పిల్లలు పెరిగారు. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల, ఆ యమ్మి మెట్లెక్కి పైకి పోతాదా లేదా చెప్పు తాతా, నాకు లెక్కలు నడుస్తాండలేదు అని నిలదీసింది. మనవరాలు దానికి, ఉండవే, తాత కాళ్ళు నొప్పంట, మెల్లగా ఎక్కిస్తాడు అని చెప్పింది. ఎన్నాళ్ళకో మనవరాలి నోట వచ్చిన హాస్యం నా మోకాళ్ళ మీద అయినా నాకు పండుగే. తర్వాతి కథ కోసం కడపలో పుస్తకాల అంగడికి పోయినప్పుడు, అంగడాయన పాపం కుర్చీ వేయబోతే వద్దని నిలబడే చదివాను. ఈ మోకాళ్ళు మరిచిపోయేలా చేసిన పుస్తకమే తెచ్చాను.

మొన్న ఆఖరి అధ్యాయం నాడు మా అబ్బాయి కూడా వెంట వచ్చాడు. బల్ల చివర కూర్చుని ఫోను చూసుకుంటూ ఉన్నాడు. నేను దీపస్తంభం మెట్లు ఎక్కిస్తున్నాను. మంచు, చీకటి, పైన ఎవరిదో ఊపిరి. కాసేపటికి చూస్తే వాడి ఫోను జేబులో ఉంది, వాడు మాత్రం నా పక్కకు జరిగి ఉన్నాడు. సరిగ్గా కథలో పిల్ల తలుపు తోసే చోట, మార్కుల సంగతి మాట్లాడాలని వార్డెనమ్మ వాణ్ణి లోపలికి పిలిచింది. వాడు వెనక్కి చూస్తూ చూస్తూ పోయాడు. నేను ఆ సందులో తలుపు తెరిచాను. దీపం ఆర్పేదెవరో విన్నాక మనవరాలు నా భుజం మీద తల పెట్టుకుని, నేను కూడా అట్లనే అనుకున్నా తాతా అంది. వాడు తిరిగొచ్చేసరికి మేమంతా కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నాం.

బయటికి రాగానే, ఎవరు నాయనా ఆడ పైన ఉండేది అని అడిగాడు.

“బస్సుకు టైమైతాంది, పద,” అన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మా నాయనను తలుచుకున్నాను. ఆనాడు పిల్లలకూ కథలకూ మధ్య తండ్రి ఒక్కడే అడ్డం నిలబడేవాడు, ఆయనకైనా ఆకలీ కరువూ కారణాలుండేవి. ఇప్పుడు గేట్లు, ర్యాంకులు, గైడ్లు ఇన్ని నిలబడ్డాయి, కారణమేమిటో అడిగితే ఎవరికీ తెలియదు. నా గుహలో అడుగులు ఎవరివో నాకిక తెలిసేది లేదు. పక్కన కూర్చున్నవాడు చిన్నపిల్లవాడిలా చేతులు నలుపుకుంటుంటే జాలి కూడా వేసింది.

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా, బీరువా తాళం యాడ పెట్టినావు నాయనా అన్నాడు.

“పరీక్షలయ్యేదాకా ఎవరడిగినా ఇయ్యాకన్నావు గదప్పా,” అని చెప్పి, తాళంచెవి బొడ్లో దోపుకుని కునుకు తీశాను.