పెరటి గుమ్మంలో పలికిన గొంతు

ఇది జరిగిననాటికి నాకు అక్షరం రాదు. నోటితో చెబితే నవ్వారు. తర్వాత నా కోడలు గౌరి దగ్గరే పలక పట్టి నేర్చుకున్నాను... ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించినా, ఇంత ఆలస్యంగా అక్షరాన్ని చూసిన ఈ కళ్లు పోవాలి.

మాది పలాస పక్కన, ఉద్దానంలో జీడితోటల ఊరు. గౌరి ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక కంపెనీకి పని చేసేది. ఆ రాత్రి కొడుకు టెక్కలిలో డ్యూటీకి వెళ్లాడు. ఇంట్లో మేమిద్దరమే.

"ఏటే, ఇంకా తొంగోవా?" అన్నాను.

"పనవ్వలేదత్తా. ఇది ఎక్కడో అద్దెకి తీసుకున్న మిషను, కంటికి కనపడదు. దీనికి రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టాను. మనింటికి ఈది గుమ్మం, పెరటి గుమ్మం ఉన్నట్టు. పెరటేపు పిలిత్తే ఇది ఈది గుమ్మంలోకెల్లి పలుకుతంది. పిలిసినోలికి ఇనపడదు."

"మనిల్లూ అంతే కదే!" అని నవ్వాను. చీకటి పడ్డాక మేం పెరటి తలుపు తీయం. అటు ఎవరు పిలిచినా వీధి గుమ్మంలోకి వెళ్లి, ఇటు రమ్మంటాం.

ఫోన్లో ఆమె టీం లీడరు అరుస్తున్నాడు. "తెల్లారేసరికి రెండు కార్డులూ పలకాలి. లేదంటే నీ ఉద్యోగాన్ని మీ తోటలోనే పాతిపెట్టుకో."

అప్పుడు వినిపించింది... పెరట్లోంచి...

"అమ్మా."

సన్నటి ఆడగొంతు. అలవాటు కొద్దీ వీధి గుమ్మంలోకి వెళ్లాను. "ఎవులది? ఇటు రా" అన్నాను. ఎవరూ రాలేదు. మళ్లీ... "అమ్మా." తలుపు మీద గోరుతో గీస్తున్న చప్పుడు... గర్ర్... గర్ర్... రాలిన జీడాకుల మీద అడుగుల సవ్వడి మాత్రం లేదు.

లోపలికి వచ్చాను. తెర మీద ఒక్కో వరుస పడుతోంది. వరుస పడినప్పుడల్లా... "అమ్మా."

"అత్తా... పెరటేపు కార్డుని ఎవులో పిలుత్తన్నారు. నేను కాదు. ఈ అడ్రసు మాది కాదు."

"ఆపెయ్యే!"

"ఇంకొక్క పని ఉంది. ఏ గుమ్మంలో పిలిత్తే ఆ గుమ్మంలోనే పలికేలాగ దారి రాసేత్తన్నాను. అంతే, అయిపోద్ది."

ఆఖరి మీట నొక్కింది.

గీకుడు ఆగింది... పిలుపు ఆగింది...

మా వంటింట్లోంచి... పెరటి తలుపుకి లోపలివైపు నుంచి... ఎవరో నెమ్మదిగా...

"ఆఁ... వత్తన్నానమ్మా" అన్నారు.

గడియ కదిలింది. టక్...

గౌరి మళ్లీ మీటల మీదకి వంగింది. "మిషను తీసేత్తన్నానత్తా!"

"ఉద్యోగం పోద్దే!"

"లోపలికి వచ్చేత్తందత్తా!"

తీసేసింది. బయట ఒక్క కేక... తల్లి దగ్గర్నుంచి లాగేసిన దూడ అరుపులా... అంతే. వెళ్లి చూస్తే వంటింట్లో ఎవరూ లేరు. గడియ వేసినట్టే ఉంది.

ఫోన్లో ఇంకా ఉన్న టీం లీడరు నింపాదిగా అన్నాడు. "రెండూ బ్రహ్మాండంగా పలికాయి కదమ్మా. ఎందుకు తీసేశావు? సరే, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు, హాయిగా నిద్రపో." నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఆ పలికిన గొంతు ఎవరిదో నాకిప్పటికీ తెలియదు. నాదేనంటుంది గౌరి. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే, నేను జీడిపిక్కలు ఒలిచే చోటికి ఆమెను తీసుకెళ్లాను. పిక్క పెంకులోంచి కారే జీడిరసం చర్మాన్ని కాల్చకుండా, ఆ మెత్తటి వేళ్లకి నూనె రాశాను.